మర్డర్ మిస్టరీల్లో ఏది మేలు: చిక్కుముడి నవలా, వాతావరణం కమ్మేసే నవలా?

అక్టోబరు దాటి నెల్లూరులో ముసురు పట్టిందంటే, తెలిసినవాళ్ళు మర్డర్ మిస్టరీ ఒకటి చెప్పమని అడుగుతారు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: "బుర్రకు పని పెట్టేది మంచిదా, భయపెట్టేది మంచిదా?"

బుర్రకు పని పెట్టే రకానికి అగాథా క్రిస్టీ 1926లో రాసిన రోజర్ ఆక్రాయిడ్ హత్య కథే చాలు. ఒక పల్లెటూరు, పెద్దమనిషి ఇంట్లో చదువుకునే గది, అందులో హత్య. ఇంట్లో అందరికీ దాచుకోవాల్సినది ఏదో ఒకటి ఉంటుంది. ఆధారాలు మన కళ్ళ ముందే ఉంటాయి, అయినా మనకు అందవు. చివర్లో వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదని తేలుతుంది. ఆ పనితనానికి నేనెప్పుడూ దండం పెడతాను. కానీ ఆ గది ఏ ఊళ్ళో ఉన్నా కథ నడుస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన మేడలో పెట్టినా పెద్దగా మార్చాల్సింది ఉండదు.

కోనన్ డాయిల్ బాస్కర్‌విల్ వేటకుక్క కథను అలా కదిలించలేం. 1901-02లో స్ట్రాండ్ పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ నవల ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీడు మీదే బతుకుతుంది. అన్నీ తెలిసిన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ చాలా అధ్యాయాల పాటు మనకు కనిపించడు. అతని స్నేహితుడు వాట్సన్ ఉత్తరాలు, డైరీ మాత్రమే దిక్కు. ధైర్యం చెప్పే మనిషి పక్కన లేకపోవడమే అక్కడ సగం భయం. ఇక చివర్లో పొగమంచు కమ్ముకొచ్చి హోమ్స్ వేసిన పథకాన్నే దాదాపు తలకిందులు చేస్తుంది. ఆ మంచు వర్ణన కోసం వచ్చింది కాదు, కథలో దానికో పని ఉంది.

నా వరకు తేల్చేది ఇదే. వాన, చీకటి, పాతబంగళా పెట్టినంత మాత్రాన వాతావరణం రాదు. వాటిని తీసేస్తే హత్య జరిగే దారీ, దొరికే దారీ మారిపోవాలి. మన వైపు రొయ్యల గుంటల్ని చూడండి. రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్ళకు గాలి అందించే యంత్రాలు, తిరుగుతూనే ఉంటాయి. కాపలావాళ్ళు ఆ మోతలోనే నిద్రపోతారు, మోత ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. తుఫాను రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు వచ్చే ఆ కాస్త నిశ్శబ్దంలో ఒక హత్య జరిగిందనుకోండి. అందరూ మేలుకున్నారు, ఎవరికీ ఏమీ కనపడలేదు. ఎన్నింటికి జరిగిందో మాత్రం ఊరంతా చెప్పగలదు. ఇస్కపల్లి ఉప్పుమళ్ళ దగ్గరో, కొత్తపట్నం తీరంలోనో ఇలాంటి నవల ఎవరైనా రాస్తే బాగుండునని నాకు చాలా ఆశ. చోటే సాక్షి అయినప్పుడు పాఠకుడు హంతకుణ్ణి వెతకడంతో సరిపెట్టుకోడు, గాలి ఎటు వీస్తోందో కూడా పట్టించుకుంటాడు.

అందుకే నా ఓటు వాతావరణం నవలకే. రెండూ కలిసి కావాలంటే క్రిస్టీదే 1939 నాటి దీవి కథ 'అండ్ దెన్ దేర్ వర్ నన్' ఉంది: పదిమంది మనుషులు, తుఫాను, రాని పడవ.

పోలీసు దర్యాప్తు నవలలు ఓపిక ఉన్నవాళ్ళకు బాగుంటాయి. వేగం కావాలంటే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు. చెన్నై రైలెక్కేటప్పుడు ఒకటి పట్టుకుంటే ప్రయాణం తెలియదు.

వాతావరణం నవలను మాత్రం రైల్లో మొదలుపెట్టకండి. మొదటి యాభై పేజీలు మెల్లగా నడుస్తాయి, ఫోను పక్కన పెట్టి ఒక్క ఊపులో అవి దాటించాలి. రోజుకు పది పేజీల లెక్కన చదివితే అందులోని టెన్షన్ తెగిపోయి, ఉట్టి వర్ణనే మిగిలినట్టుంటుంది.