పొగతోటలో పెద్దల టీకా గది: సూది బాగానే వేస్తారు, మళ్లీ పిలవరు

నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు పెద్దవాళ్లకని విడిగా టీకాల గది నడుపుతున్నారు. హెపటైటిస్ బి, ఫ్లూ, న్యుమోనియా, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసేది), మనవాళ్లు సర్పి అనే షింగిల్స్ టీకా దొరుకుతాయి.

ముందు చూడాల్సింది ఫ్రిజ్. ఇక్కడ టీకాలకే ఒకటి కేటాయించారు. తలుపు అరల్లో సీసాలు లేవు, లోపల థర్మామీటరు ఉంది, పూటపూటా రాసే చార్టు పక్కనే వేలాడుతోంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తె ఎండకు భయపడతాం గానీ, హెపటైటిస్ బి, టీడీలకు గడ్డకట్టడమే అసలు గండం. వాటిలోని అల్యూమినియం లవణం ముద్దకడితే మందు సత్తువ పోతుంది, కరిగించినా తిరిగి రాదు. మెడికల్ షాపులో కొని ఐసు ముక్కల్లో కుక్కి తెచ్చుకునేవాళ్లు అలా చేయకండి.

సూది జబ్బకే వేస్తున్నారు. హెపటైటిస్ బి పిర్రకు వేస్తే సరిగా పట్టదు. బ్యాచ్ నంబరు కార్డు మీద రాస్తారు, పావుగంట కూర్చోబెట్టి పంపిస్తారు. షింగిల్స్ టీకాకు ఒకటి రెండు రోజులు చెయ్యి లాగుతుందని, జ్వరం రావచ్చని ముందే చెప్తున్నారు. ఆ మాట చెప్పకపోతే రెండో డోసుకు మనిషి రాడు.

చిక్కంతా ఆ తర్వాతే. హెపటైటిస్ బి మూడు డోసులు: మొదటిది వేశాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ఫోనూ రాదు, మెసేజీ రాదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు నుంచి వచ్చే రొయ్యల రైతుకు చెరువు పట్టే హడావిడిలో ఆరు నెలల కిందటి తేదీ ఏం గుర్తుంటుంది? తీరా ఆలస్యంగా వెళ్తే కౌంటర్లో ‘మళ్లీ మొదట్నుంచి వేయించుకోండి’ అంటున్నారు. ఇది శుద్ధ తప్పు. ఆగిన చోటి నుంచే కొనసాగించాలి. మూడో డోసుకు రెండోదాని నుంచి కనీసం 8 వారాలు, మొదటిదాని నుంచి 16 వారాలు గడిస్తే చాలు. ఈ ఒక్క మాటకే సగంలో మానేసేవాళ్లుంటారు.

ధరల బోర్డు లేదు. పెట్టె మీద ఎమ్మార్పీ చూసి, సూది వేసినందుకు విడిగా ఎంతో అడగండి. కుక్క కాటుకైతే ఇక్కడికెందుకు, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఉచితంగా వేస్తారు.

5కి 3. వెళ్తే పాత కార్డు పట్టుకెళ్లండి, తర్వాతి డోసు తేదీకి అక్కడే నిలబడి ఫోన్లో అలారం పెట్టుకోండి.