ఎల్‌సీడీ ప్యాడా, నోట్‌బుక్కా, పాత పలకేనా?

మా ఫ్రిజ్ పక్కన మేకుకి ఒక ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్ వేలాడుతుంటుంది, అదే, ప్లాస్టిక్ పుల్లతో రాసి బటన్ నొక్కితే చెరిగిపోయేది, ఎనిమిదిన్నర అంగుళాలది. మావాడికి ఎవరి బర్త్‌డేకో వెళ్తే రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చారు. ఈమధ్య ఎవరింటికెళ్లినా ఇవే ఇస్తున్నారు, ఇంట్లో మూడు పోగయ్యాయి. వాడు రెండ్రోజులు గీసి పక్కన పడేస్తే నేను తీసుకున్నా, ఏడాదిన్నరగా వాడుతున్నా. ఆఫీసులో ఒకరిద్దరు "రోజూ రాసుకోడానికి పుస్తకం మానేసి ఇది కొనొచ్చా" అని అడిగారు, వాళ్లకి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, ఇది పుస్తకం కాదు, పలక. పుస్తకం అనుకుని కొన్నవాళ్లే తిట్టుకునేది.

అమెరికాలో కెంట్ డిస్‌ప్లేస్ అనే కంపెనీ 2010లో బూగీ బోర్డ్ పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది, ఇప్పుడు మన దగ్గర రెండు మూడొందలకి దొరికేవన్నీ అదే తరహావి. లోపల లిక్విడ్ క్రిస్టల్ పొర ఉంటుంది, పుల్లతో నొక్కినచోట దాని అమరిక మారి వెలుతురు తిరిగొచ్చి గీత కనిపిస్తుంది, అంతే. రాయడానికి గానీ రాసింది నిలబడ్డానికి గానీ కరెంటే అక్కర్లేదు, చెరిపే బటన్ నొక్కినప్పుడు మాత్రం వాచీ బ్యాటరీలాంటి చిన్న బిళ్ల నుంచి కాస్త తీసుకుంటుంది. అందుకే నాది ఇంతవరకు బ్యాటరీ మార్చలేదు. లోపల లైట్ ఉండదు కాబట్టి రాత్రి పడకగదిలో మసక వెలుతురులో మాత్రం ఏం రాశామో మనకే కనపడదు.

రాయడం హాయిగానే ఉంటుంది, ఆ ప్లాస్టిక్ పుల్ల పోయినా (పోతుంది, నాది నెలకే పోయింది) గోటితో కూడా రాయొచ్చు. ఇబ్బందల్లా తెలుగు రాసేవాళ్లకి. గీత లావు, ఇంకొంచెం నొక్కితే ఇంకా లావు, దాంతో "లక్ష్మి" అని రాస్తే క్ష కింద ఆ మకారం ఒత్తు వెళ్లి కింది లైన్లో కూర్చుంటుంది. ఎనిమిదిన్నర అంగుళాల దాంట్లో నాకు తెలుగులో ఎనిమిది తొమ్మిది లైన్లు పడితే గొప్ప. అంకెలకైతే ఏ బాధా లేదు, మా అక్క కూతురు గ్రూప్స్‌కి చదువుతూ రీజనింగ్, లెక్కల రఫ్ వర్క్ మొత్తం దీనిమీదే చేస్తుంది, అంతకుముందు దానికి వారానికో లాంగ్ నోట్‌బుక్ అయిపోయేది.

ఇక నా కథ. ఇస్త్రీకి వేసిన బట్టల లెక్క దీనిమీద రాసేదాన్ని, చొక్కాలు ఆరు, ప్యాంట్లు నాలుగు, చీరలు రెండు, అలా. ఒక నెల మొత్తం లెక్క అందులోనే ఉంచా, నెలాఖరున ఇస్త్రీ అతను డబ్బులకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నేను ప్యాడ్ తేవడానికి లోపలికెళ్తే మావాడు అప్పుడే బటన్ నొక్కి దానిమీద డైనోసార్ వేస్తున్నాడు. అతను చెప్పిన లెక్కకే ఇచ్చేశా, ఇంకేం చేస్తాం. వీటిలో చాలావాటికి సగం చెరపడం ఉండదు, నొక్కితే మొత్తం పోవాల్సిందే, పోయింది వెనక్కి రాదు. ఫోన్‌తో ఫొటో తీసుకోమంటారు, తీస్తే ట్యూబ్‌లైట్ నీడ దానిమీద పడి సగం కనపడదు, కిటికీ పక్కకి తీసుకెళ్లి వాలుగా పట్టుకుని తీయాలి, ఆ తిప్పలు పడే బదులు కాగితం మీద రాస్తే అయిపోతుంది కదా.

అక్కడే నోట్‌బుక్ గెలుస్తుంది. ఆరేళ్ల కింద రాసుకున్న ఆవకాయ కొలతల పేజీ, నూనె మరకలతో సహా, ఇప్పటికీ నా దగ్గరుంది. పేజీ తిప్పితే నిన్నటిది కనిపిస్తుంది, ప్యాడ్‌కి నిన్న అనేదే లేదు. బ్యాగులో తీసుకెళ్లడానికి కూడా పుస్తకమే నయం, ప్యాడ్ మీద టిఫిన్ బాక్స్ ఒత్తుకుందంటే మనం రాసినదాని మీద అదే నాలుగు గీతలు గీసి పెడుతుంది.

పలకతో పోల్చమంటే నవ్వొద్దు, అక్షరాలు దిద్దే పిల్లలకి నా ఓటు మార్కాపురం పలకకే. బలపం గరగరమంటూ రాయిమీద పట్టుకుంటుంది, చెయ్యి అదుపులోకి వస్తుంది, ప్యాడ్ మీద పుల్ల జారిపోతుంది. పైగా "అ" బాగా వచ్చి "ఆ" వంకరపోతే ఆ ఒక్కటే వేలితో తుడిచి మళ్లీ రాయొచ్చు. బలపం పొడి, బలపం తినేయడం, కిందపడితే పగలడం, అవి ఉన్నాయనుకోండి. కానీ ప్యాడ్‌లో ఆ బిళ్ల బ్యాటరీ ఉంది చూశారా, చిన్నపిల్లలు మింగితే ఆహారనాళం కాలిపోతుంది, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన విషయం అది, ఆడుకునే బలపం ముక్కలాంటిది కాదు.

రీమార్కబుల్, కిండిల్ స్క్రైబ్ లాంటి, పెన్నుతో రాసుకునే ఖరీదైన ట్యాబ్లెట్లు వేరే జాతి. అవి రాసింది దాచుకుంటాయి, పేజీలుంటాయి, కాగితం మీద రాసినట్టే ఉంటుంది, మా తమ్ముడిది ఒక పూట వాడి చూశా, ఒత్తులన్నీ చక్కగా పడ్డాయి. కానీ పదుల వేలు పెట్టి పాలు, పెరుగు, కొత్తిమీర కట్ట అని రాయడానికి నాకు మనసొప్పలేదు. రోజంతా మీటింగుల్లో రాసుకునేవాళ్లకి, పీడీఎఫ్‌ల మీద గీతలు గీసే పీహెచ్‌డీ వాళ్లకి డబ్బులు గిట్టుతాయేమో.

మా ఇంట్లో ఇప్పుడెలా ఉందంటే, సరుకుల లిస్టు, "గ్యాస్ బుక్ చెయ్యి", "మోటర్ ఆపు" ఇవన్నీ ప్యాడ్ మీద, ఇస్త్రీ లెక్క, పాల లెక్క గోడ క్యాలెండర్ గళ్లలో పెన్నుతో, మిగతావి నోట్‌బుక్‌లో. ప్యాడ్ కొనేవాళ్లు మాత్రం పది అంగుళాలకి తగ్గకుండా తీసుకోండి, వెనకాల బటన్ పనిచేయకుండా ఆపే లాక్ ఉందా, బ్యాటరీ మూతకి స్క్రూ ఉందా చూసుకోండి. నా దానికి స్క్రూ ఉంది, లాక్ లేదు, డైనోసార్ అందుకే వచ్చింది.