పాత ప్లేస్టేషన్ డ్రైవ్: లేజర్ సర్దుబాటా, కొత్త యూనిటా?

1994లో జపాన్‌లో విడుదలైన సోనీ గేమ్ కన్సోల్ తొలి ప్లేస్టేషన్ వీడియో దృశ్యాల దగ్గర తడబడుతుంటే, ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో డిస్క్‌ను చదివే లేజర్ లెన్స్‌ను సున్నితంగా తుడిచి చూడాలి. ఫలితం లేకపోతే రెండు దారులున్నాయి: లేజర్‌ను సర్దుబాటు చేయడం, లేదా లేజర్ యూనిట్‌నే మార్చడం.

లేజర్ యూనిట్‌పైనున్న బుల్లి పొటెన్షియోమీటర్‌ను (విద్యుత్ నిరోధాన్ని మార్చే మరను) వెంట్రుకవాసి తిప్పి లేజర్ శక్తిని పెంచడానికి ఖర్చేమీ ఉండదు గానీ, దాని పాత నిరోధాన్ని ముందే మల్టీమీటర్‌తో చూసి రాసుకోకపోతే మళ్లీ యథాస్థితికి తేవడం కష్టం, పైగా అధిక శక్తితో లేజర్ కాంతినిచ్చే డయోడ్ త్వరగా క్షీణిస్తుంది. తొలి మోడళ్లలో అసలు లోపం వేరు: లేజర్ జారే ప్లాస్టిక్ భాగమే అరిగి లెన్స్ ఒరిగేది, అందుకే అప్పట్లో చాలామంది కన్సోల్‌ను తలకిందులుగా పెట్టి ఆడేవారు. ఆ అరుగుదలను ఏ సర్దుబాటూ పూడ్చలేదు కనుక యూనిట్‌ను మార్చడమే మేలని నా అభిప్రాయం. స్థిర విద్యుత్తు నుంచి రక్షణగా కొత్త యూనిట్‌పై టంకపు చుక్క ఉంటే, రిబ్బన్ కేబుల్ తగిలించాక దాన్ని తప్పక తొలగించాలి.