మూత్రంలో మెటానెఫ్రిన్లు: ఎలక్ట్రోకెమికల్ డిటెక్టరా, మాస్ స్పెక్ట్రోమెట్రీయా?

అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా కణితిని అనుమానించినప్పుడు 24 గంటల మూత్రంలో, అడ్రినలిన్ వంటి హార్మోన్లు శరీరంలో మార్పు చెందగా ఏర్పడే పదార్థాలైన నార్‌మెటానెఫ్రిన్, మెటానెఫ్రిన్‌లను కొలుస్తారు. ద్రవ క్రొమటోగ్రఫీ (ద్రవ ప్రవాహంలో పదార్థాలను వేర్వేరు సమయాల్లో బయటికి రప్పించి విడదీసే పద్ధతి) కాలమ్‌లో వాటిని విడదీయడం రెండు పద్ధతుల్లోనూ ఉన్నదే. తేడా అంతా కాలమ్ దాటాక వాటిని గుర్తించే తీరులో ఉంది.

ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్, అణువు ఎలక్ట్రోడ్ దగ్గర ఆక్సీకరణ చెందినప్పుడు పుట్టే కరెంటును కొలుస్తుంది. పరికరం ఖర్చు తక్కువ, సున్నితత్వం ఎక్కువ. అయితే అదే సమయానికి కాలమ్ నుంచి వెలువడి ఆక్సీకరణ చెందే మరే పదార్థాన్నైనా అది వేరుచేసి చూపలేదు. రోగి పారాసెటమాల్ వేసుకుని ఉంటే నార్‌మెటానెఫ్రిన్ శిఖరం (గ్రాఫులో ఆ పదార్థాన్ని చూపే ఎత్తు) పక్కన చిన్న భుజంలా మరో శిఖరం అతుక్కుని, లేని పెరుగుదలను చూపే ప్రమాదం ఉంది.

టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్ మొదట అయాన్‌ను దాని ద్రవ్యరాశిని బట్టి ఎంచి, ఆపై విరగ్గొట్టి, ముక్కలను కూడా సరిచూస్తుంది కనుక ఇలాంటి పొరపాట్లు బాగా తగ్గుతాయి. మూత్రంలోని లవణాలు సంకేతాన్ని అణచివేసినా, ముందుగా కలిపిన డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) గుర్తు గల, పరిమాణం తెలిసిన ప్రమాణ పదార్థం ఆ నష్టాన్ని సరిదిద్దుతుంది. ఇక్కడా కాలమ్‌ను చిన్నచూపు చూడరాదు: అడ్రినలిన్, నార్‌మెటానెఫ్రిన్ రెండింటి ఫార్ములా ఒకటే, అణుభారం సుమారు 183, కనుక ద్రవ్యరాశిని బట్టి ఎంచడం వాటిని విడదీయలేదు; ఆ పని కాలమే చేయాలి.

మందులు వాడుతున్న రోగుల నమూనాలకు నేను మాస్ స్పెక్ట్రోమెట్రీనే ఎంచుకుంటాను. అయితే మొత్తం మెటానెఫ్రిన్లు కావాలంటే, సల్ఫేట్‌తో బంధమైన భాగాన్ని (సాధారణంగా ఆమ్లంతో) విడిపించడం రెండింటికీ తప్పదు.