సోలార్ కంచె కిట్: మిషన్ బాగుంది, ఎర్తే లేదు

బెంగళూరులో ఉద్యోగం, హిందూపురం, మడకశిర, చింతామణి, ముళబాగిలు వైపు ఓ ఐదెకరాల పొలం, అందులో యాభై అరవై నెల్లూరు గొర్రెలు. ఈ లెక్కలో ఉన్న తెలుగువాళ్లు బెంగళూరు ఎలక్ట్రికల్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకు వెళ్లి ‘సోలార్ ఫెన్సింగ్ మిషన్’ కావాలంటే చేతికొచ్చే కిట్ గురించి ఈ రివ్యూ. పెట్టె మీద పేరు మారినా లోపల సరుకు ఇంచుమించు ఒకటే: 1.2 జౌళ్ల ఎనర్జైజర్ (తీగలోకి ఆగి ఆగి కరెంటు దెబ్బ పంపే మిషన్ ఇదే, దెబ్బ బలాన్ని జౌళ్లలో చెబుతారు), 20 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, తీగ కూసాన్ని తాకకుండా ఆపే ఇన్సులేటర్లు వంద, ఒక సైరన్, రెండు హెచ్చరిక బోర్డులు, నేలలో పాతే మూడడుగుల ఎర్త్ రాడ్ ఒక్కటి. తీగ, కూసాలు వేరే కొనుక్కోవాలి.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పేస్తాను. మిషన్ మంచిదే. 1.2 సెకన్లకోసారి టక్‌మని తప్పకుండా కొడుతుంది, బిగింపు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. విద్యుత్ కంచె మిషన్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-76 ప్రకారం రెండు దెబ్బల మధ్య కనీసం ఒక సెకను ఎడం ఉండాలి, 500 ఓమ్‌ల లోడు మీద ఒక్కో దెబ్బ 5 జౌళ్లు దాటకూడదు. తగిలిన మనిషైనా పశువైనా వెనక్కి లాక్కునే సందు దొరికేది ఆ ఎడంలోనే. పెట్టె మీద ఈ నంబరు లేని మిషన్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఇంటి కరెంటు 230 వోల్టులు నేరుగా తీగకిచ్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అది ఆగకుండా పారే కరెంటు, పట్టుకున్నవాణ్ని వదలదు. పైగా అది నేరం.

డబ్బా మీద ‘40 ఎకరాలకు సరిపోతుంది’ అని ఉంటుంది. ఆ లెక్క గడ్డి తగలని ఒంటి తీగకు. చదరంగా ఉన్న ఐదెకరాల పొలం చుట్టుకొలత సుమారు 570 మీటర్లు. ఐదు వరసలు లాగితే తీగే 2.8 కిలోమీటర్లు పైన పడుతుంది. 5 మీటర్లకో కూసం చొప్పున 114 కూసాలు, కరెంటు పారే వరసలు మూడనుకున్నా 342 ఇన్సులేటర్లు కావాలి. కిట్‌లో ఇచ్చిన వంద ఒక్క వరసకు కూడా చాలవు. ఇది అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద వేసే సరుకు, పొలానికి కూడా అదే అమ్ముతున్నారు. తీగ కూడా ప్రహరీకి వాడే సన్నది అంటగడతారు. 2.5 మి.మీ. హై టెన్సైల్ (లాగినా సాగని) జీఐ తీగ, అంటే జింకు పూత ఉన్న ఇనుప తీగ అని గట్టిగా అడగండి. సన్న తీగ గొర్రె కంటికి ఆనదు, పొట్టేలు పొడిస్తే సాగిపోతుంది.

అసలు గోల ఎర్త్ దగ్గర. మిషన్ నుంచి దెబ్బ తీగలోకి, తీగ నుంచి గొర్రె మూతికి, కాళ్ల గుండా నేలలోకి, నేలలోంచి ఎర్త్ రాడ్ పట్టుకుని మళ్లీ మిషన్‌కు చేరాలి. ఈ చుట్టు పూర్తయితేనే దెబ్బ. మార్చి నుంచి మే దాకా మన ఎర్రనేల పైన రెండడుగులు పెళుసుబారి ఉంటుంది. మూడడుగుల రాడ్ చాలావరకు ఆ ఎండు మట్టిలోనే నిలబడి ఉంటుంది. వోల్టేజి మీటరు తీగ మీద 7,000 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది, గొర్రె మాత్రం నింపాదిగా దూరి పక్క చేలో పడుతుంది. దుకాణానికి ఫోన్ చేస్తే ‘మిషన్ మార్చండి సార్, 3 జౌళ్లది పెట్టండి’ అంటారు. మార్చాల్సింది అది కాదు.

2 మీటర్ల జీఐ రాడ్లు మూడు, ఒక్కోదానికీ 3 మీటర్ల ఎడం ఇచ్చి పాతండి. మూడింటినీ ఒకే ఇన్సులేటెడ్ తీగతో, క్లాంపులు బిగించి కలపాలి. మెలిపెట్టి వదిలేసిన జాయింటు ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. జీఐ రాడ్‌కు రాగి తీగ కలిపితే ఆ కలిసిన చోట జింకు పూత ముందుగా అరిగిపోతుంది, అందుకే తీగా జీఐదే వాడాలి. చోటు విషయానికొస్తే నీళ్ల తొట్టి పొంగిపారే పక్కన అయితే శ్రేష్ఠం. కానీ బోరు మోటారు ఎర్త్‌కు, ఇంటి ఎర్త్‌కు 10 మీటర్ల లోపు మాత్రం వద్దు, దెబ్బ అటు పాకుతుంది. ఎలక్ట్రీషియన్లు అలవాటుగా గుంతలో ఉప్పు, బొగ్గు వేస్తారు. ఉప్పు వేసిన గుంతలో జీఐ రాడ్‌ను తుప్పు త్వరగా తినేస్తుంది, తేమ పట్టి ఉంచే బెంటోనైట్ బంకమన్ను మేలు.

ఎర్త్ చాలుతోందా లేదా తేల్చుకోవడం పెద్ద పనేమీ కాదు. మిషన్ ఆపి, దానికి 100 మీటర్ల అవతల తీగకు నాలుగైదు ఇనుప కడ్డీలు ఆనించి నేలలో గుచ్చండి. మళ్లీ వేస్తే తీగ మీద వోల్టేజి 2,000 లోపుకు పడాలి, పడకపోతే ఇంకో రెండు కడ్డీలు. ఇప్పుడు డిజిటల్ ఫెన్స్ మీటరు ఒక కొస చివరి ఎర్త్ రాడ్‌కు, రెండో కొస మీటరు దూరంలో నేలకు పెట్టండి. 300 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ చాలు. 800, 1,000 కనిపిస్తే రాడ్లు ఇంకా కావాలి. కిట్‌లో ఇచ్చే ఐదు లైట్ల టెస్టర్ ఈ పనికి పనికిరాదు, అది తీగలో కరెంటు ఉందా లేదా అన్నంత వరకే.

రాడ్లు ఎన్ని పాతినా ఎండాకాలం చాలని నేలలుంటాయి. వాటికి మందు ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి లోపలి ఎడారి ప్రాంతాల్లో పశువులు, గొర్రెలు మేపే పెద్ద పెద్ద క్షేత్రాలుంటాయి, వాటిని స్టేషన్లంటారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ స్టేషన్ ఒక్కటే 15 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కోలారు, చిక్కబళ్లాపురం, బెంగళూరు గ్రామీణ, నగర జిల్లాలు నాలుగూ కలిపినా అంత రావు. ఏడాదికి 200 మి.మీ. వాన కూడా సరిగా పడని చోటు. అలాంటి పొడి నేలల్లో కరెంటు కంచె వేసేవాళ్లు నేలను నమ్ముకోరు, ఎర్త్‌ను తీగలోనే వెనక్కి తెస్తారు. ఒక వరస కరెంటు తీగ, ఒక వరస ఎర్త్ తీగ. గొర్రె తల దూర్చితే రెండూ ఒకేసారి తగులుతాయి, చుట్టు తీగల్లోనే పూర్తవుతుంది, మట్టి ఎండినా తడిసినా లెక్కలేదు.

మన ఐదు వరసలకు ఇదే పద్ధతి ఇలా కుదురుతుంది. నేల నుంచి 15, 30, 50, 75, 100 సెం.మీ. ఎత్తుల్లో తీగలు. అడుగుదీ, మూడోదీ ఎర్త్. రెండు, నాలుగు, ఐదు కరెంటు. అడుగు తీగ ఎర్త్ కావడంలో ఇంకో లాభం, వానాకాలం గడ్డి లేచి దాన్ని తాకినా నష్టం లేదు. ఎర్త్ తీగల్ని మిషన్ ఎర్త్ బోల్టుకు కలపడంతో వదలకుండా, కంచె పొడవునా 150, 200 మీటర్లకోసారి ఒక రాడ్ కొట్టి దానికీ కలపండి. ఈ పద్ధతిలో తీగల బిగువు ముఖ్యం. వేలాడిన ఎర్త్ తీగ గాలికి కరెంటు తీగను తాకిందంటే కంచె మొత్తం చచ్చినట్టే.

రాతి కూసాలున్నవాళ్లు ‘రాయే కదా, కరెంటు పారదు’ అనుకుని తీగను నేరుగా చుట్టేస్తారు. తడిసిన రాయి కరెంటును లాగేస్తుంది. ప్రతి కూసానికీ ఇన్సులేటర్ ఉండాల్సిందే, అదీ ఎండకు పగలని యూవీ రకం నల్లది. కిట్‌లోని తెల్లవి రెండెండలకే పొడిబారి చిట్లుతాయి. చిట్లిన ఇన్సులేటర్ పగలు కనిపించదు. రాత్రి నడిస్తే చిన్న నిప్పురవ్వ, టిక్ టిక్ చప్పుడు దొరుకుతాయి. ఇంకో ఉపాయం, పాత ఏఎం రేడియోను ఏ స్టేషనూ లేని చోట పెట్టి కంచె వెంబడి తిరగండి. లీకు దగ్గరపడే కొద్దీ చిటపటలు పెరుగుతాయి.

బ్యాటరీ దగ్గర కిట్ మళ్లీ పిసినారితనం చూపించింది. ఈ మిషన్ సగటున 150 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, అంటే రోజుకు 3.6 ఏహెచ్. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే పాడవుతుంది కాబట్టి 7 ఏహెచ్‌లో వాడుకోగలిగేది ఒక్క రోజు సరుకు. బాగా ఎండ కాసిన రోజు ప్యానెల్ 5 ఏహెచ్ పైనే ఇస్తుంది, దిగుల్లేదు. జూలై, ఆగస్టు ముసురులో అందులో మూడో వంతు వస్తే గొప్ప. మూడో రోజుకల్లా కంచెలో చప్పుడుండదు, గొర్రెలకు ఆ సంగతి మనకన్నా ముందే తెలుస్తుంది. 26 ఏహెచ్ బ్యాటరీ, 40 వాట్ల ప్యానెల్ పెట్టుకుంటే ముసురును దాటేస్తుంది. లిథియం బ్యాటరీ పెడదామనుకుంటే ప్యానెల్ నుంచి బ్యాటరీకి కరెంటు సర్దే చార్జ్ కంట్రోలర్ దానికి పనికొస్తుందా అని దుకాణంలోనే తేల్చుకోండి.

కంచె వేసిన రోజే మందను వదిలేస్తే సగం గొర్రెలు కంగారులో ముందుకే దూకి తీగలు తెంపుతాయి. దొడ్డి లోపల ఒక మూల మూతి ఎత్తున రెండు వరసలు లాగి, అవతల పచ్చిమేత పెట్టి మూడు నాలుగు రోజులు అలవాటు చేయాలి. నెల్లూరు గొర్రెకు ఒంటి మీద ఉన్ని కాదు, పొట్టి వెంట్రుకలే కాబట్టి దెబ్బ బాగా అంటుతుంది. దక్కనీ గొర్రెలున్నవాళ్లు ఉన్ని కత్తిరించిన వెంటనే ఈ పని పెట్టుకోవాలి. మెరీనో అనే ఉన్ని గొర్రెలకు ఆస్ట్రేలియాలో చేసేదీ ఇదే, ఒత్తు ఉన్ని దెబ్బను లోపలికి రానివ్వదు. తీగ చివర కొసన ఎప్పుడు కొలిచినా 4,000 వోల్టులకు తగ్గకూడదు. ఆవులకైతే 3,000 చాలు.

ఊరకుక్కల బెడదకని కొంటున్నవాళ్లకు మాత్రం ఈ కిట్ ఒక్కటే చాలదు. ఆస్ట్రేలియాలో గొర్రెల సీమను డింగోలనే అడవి కుక్కల నుంచి కాపాడే కంచె 5,600 కి.మీ. పొడవున ఉంది, అదీ చాలావరకు జాలీయే (అల్లిన తీగ వల). క్వీన్స్‌లాండ్‌లో లాంగ్‌రీచ్, బ్లాకాల్ చుట్టుపక్కల రైతులు ఇరుగుపొరుగు కలిసి అందరి పొలాలనూ చుట్టివచ్చేలా జాలీ కంచెలు వేసుకున్నారు. తరుముకొచ్చే కుక్క ఒక్క దెబ్బకు ఆగదు. జాలీ వేసి, దానికి బయటివైపు నేల నుంచి 20 సెం.మీ. ఎత్తున ఒకే ఒక కరెంటు తీగ ఇవ్వండి, తవ్వబోయే కుక్కకు సరిగ్గా ముక్కుకు తగులుతుంది. ఈ ఒక్క తీగకైతే 1.2 జౌళ్ల మిషన్ ఎక్కువే.

సైరన్ దండగ అనుకున్నాను గానీ వోల్టేజి పడగానే మోగుతుంది, పొలంలో మనిషుంటే పనికొస్తుంది. పిడుగులకు కిట్‌లో ఏ రక్షణా లేదు. లైట్నింగ్ డైవర్టర్ ఒకటి వేరే కొని, దానికి మిషన్ ఎర్త్‌తో కలవకుండా వేరే ఎర్త్ ఇవ్వాలి. మామిడి వానలకు ముందే ఈ పని అయిపోవాలి. ఆస్ట్రేలియా స్టేషన్లలో విడిభాగం దొరకాలంటే వందల కిలోమీటర్లు పోవాలి, అందుకే షెడ్డులో అదనపు ఎనర్జైజరే పెట్టుకుంటారు. మనకు హిందూపురం నుంచి ఎస్పీ రోడ్డు వంద కిలోమీటర్ల పైచిలుకు, ఆదివారం చాలా దుకాణాలు తీయరు. మిషన్ కొన్న రోజే రెండు ఫ్యూజులు, ఇరవై ఇన్సులేటర్లు, పది జాయింట్ క్లాంపులు, ఒక కటౌట్ స్విచ్ తెచ్చుకోండి. బిల్లు మీద మిషన్ సీరియల్ నంబరు రాయించుకోకపోతే వారంటీకి ఎవరూ పలకరు.