అలారం మాత్రల డబ్బా: రోజూ ఇమాటినిబ్ వేసుకునేవాళ్ళకి పనికొస్తుందా? (5కి 3 స్టార్లు)

నాకు సీఎంఎల్, అంటే ఒక రకం బ్లడ్ క్యాన్సర్. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఇమాటినిబ్ 400 ఒకటి, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. అంతే ట్రీట్‌మెంట్, సెలైన్లు ఎక్కించుకోవడాలు ఏం లేవు. వినడానికి బీపీ మాత్రంత తేలిగ్గా ఉంది కదా, చిక్కంతా అక్కడే, మర్చిపోవడమూ అంతే తేలిక. అందుకే ఆన్‌లైన్‌లో ఈ ఏడు గడుల అలారం డబ్బా తెప్పించుకున్నా, ఆరొందల దాకా అయింది.

అలారం మాత్రం సూపర్. పక్క గదిలో సీరియల్ ఫుల్ సౌండ్‌లో నడుస్తున్నా వినపడుద్ది, ఆ రోజు గడి మూత తీసేదాకా ఆగదు. "ఇవాళ వేసుకున్నానా లేదా" అనే అనుమానం ఉండదిక, గడి ఖాళీ అంటే వేసుకున్నట్టే. ఆ అనుమానం చిన్నదేం కాదండీ, దాంతోనే కొందరు ఇంకోటి వేసేసుకుంటారు. మా డాక్టరుగారు మొదట్లోనే చెప్పారు, ఒక రోజు పోతే పోయిందే, మర్నాడు రెండు కలిపి మింగొద్దు, మామూలుగా ఒకటే అని.

ఇక గడి సైజు దగ్గరకొస్తే కోపమొస్తుంది. మాది కాకినాడ, ఇక్కడి ఉక్కకి చెమ్మ తగులుతుందని నేను మాత్రని విప్పి పెట్టను, స్ట్రిప్పునే కత్తెరతో ముక్కలు కోసి పెడతా. ఆ రేకు మూలలు మూతకి అడ్డం పడతాయి, మూత సరిగ్గా పడకపోతే గడి తెరిచే ఉందనుకుని ఆ రోజు అలారమే మోగదు! మూలలు గుండ్రంగా కత్తిరిస్తే గానీ కుదర్లేదు. ఇంకోటి, ఇంట్లో అందరి మందులూ ఇందులో కలపకండి. ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు ఉంటే, ఈ మాత్ర విరిగినా పొడైనా వాళ్ళు ముట్టుకోకూడదు.

రెండు స్టార్లు ఎందుకు కోశానంటే, ఇది మతిమరుపుకి మాత్రమే మందు. ఓపీ బయట బెంచీల మీద కూర్చున్నప్పుడు వినండి, మర్చిపోయి మానేసేవాళ్ళకంటే తెలిసి మానేసేవాళ్ళే ఎక్కువ కనపడతారు. ఒకాయన పెళ్ళి భోజనం మీద ఇది పడితే వాంతవుతుందని ముహూర్తాల్లో ఎగ్గొడతాడు. ఒకావిడ కార్తీక సోమవారం ఉపవాసమని వేసుకోదు, ఎలాగూ చుక్కలు చూసి తింటారు కదా, ఆ భోజనం తర్వాత వేసుకోవచ్చా అని డాక్టర్ని ఒక్క మాట అడగొచ్చు, ఊహూఁ అడగదు. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి లేచి కూర్చునేవాళ్ళు, పొద్దున్నే కళ్ళ చుట్టూ వాపు చూసి "రాత్రంతా ఏడ్చావా ఏంటి" అని చుట్టాలు అడుగుతుంటే విసుగొచ్చినవాళ్ళు, రిపోర్టు బాగొచ్చింది ఇంకెందుకు ఈ మాత్ర అనేవాళ్ళు. వీళ్ళందరికీ అలారం ఏం చేస్తుంది? మూత తీసి మూసేస్తే అదీ నోరు మూసుకుంటుంది.

అలాగని మానేస్తే ఏం కాదులే అనుకోకండి. లండన్‌లో 87 మంది సీఎంఎల్ పేషెంట్ల మందు సీసా మూతల్లో చిప్ పెట్టి ఎన్నిసార్లు తెరిచారో లెక్క తీశారు, 2010లో రిజల్ట్ వచ్చింది. 90 శాతం కంటే ఎక్కువ వేసుకున్నవాళ్ళలో బీసీఆర్-ఏబీఎల్, అంటే రక్తంలో ఈ జబ్బు ఎంత మిగిలుందో చెప్పే లెక్క, బాగా కిందకి దిగింది, అంతకు తగ్గినవాళ్ళలో చాలామందికి దిగలేదు. 90 శాతం అంటే నెలకి మూడు మాత్రలు పోవడమే, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎంతసేపు చెప్పండి. ఈ మందు బ్రాండుది, గ్లివెక్ అంటారు, ఒకప్పుడు నెలకి లక్ష దాటేది, మన హైదరాబాద్ నాట్కో లాంటివాళ్ళ జనరిక్ ఉండబట్టి, 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్‌కి పేటెంట్ లేదు అని తేల్చబట్టి మనలాంటోళ్ళకి అందుతోంది. అంత కష్టపడి చేతికొచ్చినదాన్ని వికారానికి భయపడి డబ్బాలోనే ఉంచేస్తే ఎలా. పిక్కలు పట్టేసినా వాంతులైనా డాక్టరుకి చెప్పండి, వాటికీ మందులున్నాయి, టైం మార్చుకోవడమూ ఉంది, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మర్చిపోవడమే మీ సమస్యయితే కళ్ళు మూసుకుని కొనుక్కోండి. పెద్ద గడులున్న మోడల్ చూసుకోండి, స్ట్రిప్పు ముక్క పట్టాలి. సెల్లులు ప్యాక్‌లో రావు, విడిగా తెచ్చుకోవాలి.