చవక ఫిడేలు: కొనవచ్చు గానీ, ఉన్న సొమ్మంతా దాని మీదే పెట్టవద్దు

చిన్నప్పుడు వర్ణాల (కర్ణాటక సంగీతంలో గీతాల తర్వాత నేర్పే రచనల) దాకా నేర్చుకొని, చదువులూ ఉద్యోగాలూ మీదపడి ఫిడేలును అటకెక్కించినవారు నడివయసులో మళ్ళీ దాని దగ్గరికి రావాలనుకుంటే మొదట అడ్డుపడేది ఖరీదే. అందుకని ఆన్‌లైన్‌లో ఆరు వేల రూపాయల లోపు దొరికే, పెట్టె, కమాను, రోజిన్‌తో (కమాను వెంట్రుకలకు రాసే బిళ్ళతో) కలిపి అమ్మే ఫ్యాక్టరీ ఫిడేలు ఒకటి తెప్పించుకొని కొన్ని నెలలుగా సాధన చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది కొనదగిన వస్తువే. అయితే పెట్టెలోంచి తీసినది తీసినట్టుగా వాయించడానికి పనికిరాదు. పెట్టదలచుకున్న సొమ్ములో కనీసం నాలుగో వంతు దాన్ని సరిచేయించడానికి అట్టేపెట్టుకున్నవారు మాత్రమే దీని జోలికి వెళ్ళాలి.

ఈ ధరలో కీబోర్డు కూడా వస్తుంది. కానీ కర్ణాటక సంగీతం నేర్చిన చెవికి గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పలకని వాయిద్యంతో తృప్తి కలగదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్ర తొలిచి చేసే వీణ మీద నాకు ఎప్పటినుంచో మనసుంది గానీ, ఆ ధర నా అందుబాటులో లేదు.

పార్సిల్ విప్పేసరికి బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క) విడిగా కాగితంలో చుట్టి ఉంటుంది, తీగలు వదులుగా ఉంటాయి. ఇందులో తప్పు పట్టవలసింది లేదు, రవాణాలో పొట్టపలక దెబ్బతినకుండా అలాగే పంపుతారు. అసలు ఇబ్బంది బ్రిడ్జిని నిలబెట్టాక తెలుస్తుంది. దాని పాదాలు పలక వంపుకు అతకలేదు, పాదం కింద సన్నటి సందులోంచి వెలుతురు కనబడింది. ఎత్తు కూడా చాలా ఎక్కువ. వేళ్ళతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు చివర సన్నతీగ కింద సుమారు మూడున్నర మిల్లీమీటర్లు, లావుతీగ కింద ఐదారు మిల్లీమీటర్లు ఎడం ఉంటే చాలు. ఇక్కడ అంతకు మించి కనిపించింది. పైన తీగలు బిగించే బిరడాల దగ్గర, తీగలు ఆనుకునే నట్ కూడా ఎత్తుగా ఉండటంతో తొలి రిషభం నొక్కడానికే వేలి కొస నొప్పెట్టింది. జారు వేసేటప్పుడు, అంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారేటప్పుడు, వేలు తీగ మీద తేలికగా పాకాలి. తీగ అంత ఎత్తున ఉంటే చేతికి ఎంత సాధన ఉన్నా జారు ముక్కలవుతుంది, చాలాకాలం తర్వాత వాయిస్తున్నవారు ఆ లోపం తమదేననుకొని కుంగిపోయే ప్రమాదం ఉంది.

వాయిద్యాలు బాగుచేసే పనివారి దగ్గరకు తీసుకువెళితే బ్రిడ్జి పాదాలు అరగదీసి, పైభాగం తగ్గించి, నట్ గాడులు లోతు చేసి ఇచ్చారు. జారిపోతున్న బిరడాలకు సుద్దముక్క రుద్దడంతో అవి నిలబడ్డాయి. ఆయన పని చూస్తూ గమనించిన సంగతి ఒకటి, ఇంట్లో తీగలు మార్చుకునేవారు తప్పక గుర్తుంచుకోవాలి: తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు, ఒకటి మార్చి బిగించాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. లోపల నిలబడి ఉండే సౌండ్‌పోస్టు అనే చిన్న కర్రకు జిగురు ఉండదు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. అది పడిపోతే మళ్ళీ పనివారే దిక్కు.

ఫ్యాక్టరీ తీగల నాదం రేకు మోతలా ఉంది. వాటి స్థానంలో ఉక్కు తీగల డడారియో ప్రెల్యూడ్ సెట్ వేయించాక వాయిద్యమే మారిపోయిందనిపించింది. వియన్నాలో తయారయ్యే థొమాస్టిక్ డామినెంట్ తీగల పేరు చాలామంది చెబుతారు. 1970 నుంచి వస్తున్న ఆ సింథటిక్ తీగల మెత్తదనం నిజంగా గొప్పదే గానీ, ఈ స్థాయి ఫిడేలుకు అంత ఖర్చు అనవసరం. పనికూలి, తీగలు కలిపి మరో రెండు వేల పైచిలుకు అయింది. ఆ రెండు వేలు లేకపోతే ముందు పెట్టిన ఆరు వేలూ వృథా.

శ్రుతి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారెవరూ దీన్ని చెప్పరు. ఈ తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు తయారైనవి. మనం కట్టుకునేది స, ప, స, ప. అయిదు శ్రుతికి, అంటే జి షడ్జంగా పెట్టుకుంటే, లావుతీగలు రెండూ తమ సహజమైన బిగువులోనే ఉంటాయి, సన్నతీగలు రెండూ రెండేసి స్వరస్థానాలు మాత్రమే దిగుతాయి. అలా కట్టినప్పుడు ఈ ఫిడేలు నిండుగా, స్పష్టంగా పలికింది. మగగొంతుకు వీలుగా ఒకటి శ్రుతికి, అంటే సి షడ్జంగా, దించితే మాత్రం లావుతీగ జి నుంచి కింది సి దాకా సడలిపోయి మంద్ర షడ్జం బొంగురుపోయింది. పాడుతూ వాయించుకోవాలనుకునే మగవారికి ఇది పెద్ద లోటే. నా మటుకు నేను అయిదు శ్రుతికే స్థిరపడ్డాను, పాట వేరుగా పాడుకుంటాను. తంబురా నాదానికి విడిగా శ్రుతిపెట్టె కొననక్కరలేదు, ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ సాధనకు సరిపోతుంది.

ఫింగర్‌బోర్డు ఎబొనీ అనే నల్లటి గట్టి కర్ర కాదు, మామూలు కర్రకు నల్లరంగు పూసినది. సరళీ స్వరాలు, జంటలు ముగించేసరికి వేలి కొసలకు నలుపు అంటుతోంది, వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని వాయించే అలవాటున్నవారికి ఆ రంగు ఇంకా త్వరగా ఊడుతుంది. నాదానికి దీనివల్ల నష్టం లేదు. అపార్ట్‌మెంటులో రాత్రివేళ సాధన చేసేవారు నాదాన్ని తగ్గించడానికి బ్రిడ్జికి తొడిగే రబ్బరు మ్యూట్ ఒకటి తప్పక కొనుక్కోవాలి, అది చాలా చవక.

ఇక కమాను. కొత్త రోజిన్ బిళ్ళ నునుపుగా ఉండి వెంట్రుకలకు అంటదు, గరుకు కాగితంతో దాని పైపొర గీరాకే కమాను పలికింది. పలికినా ఈ కర్రలో చేవ లేదు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డింగుల్లో వినిపించే నిడుపాటి కమానును మనసులో పెట్టుకొని ఒక్క షడ్జాన్ని చివరంటా లాగుదామంటే, కొస దగ్గరకు వచ్చేసరికి కర్ర వణుకుతుంది, స్వరం చిట్లుతుంది. మధ్యభాగంతో వాయించుకునే అలంకారాలకూ గీతాలకూ ఫరవాలేదు. విలంబంగా వర్ణం మొదలుపెట్టాక ఇది నిలవదు. చేతిలో మళ్ళీ కాస్త డబ్బు ఆడితే ఫిడేలు మార్చే ఆలోచన పెట్టుకోకుండా, ముందు మంచి కమాను ఒక్కటి కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను. ఇదే సెట్ కొన్నవారికి కూడా ఆ వరుసే సూచిస్తాను.